బిడ్డకు సరిపడే పాఠం

నాలుగో తరగతి పుస్తకాన్ని నాలుగో తరగతి పిల్లలందరి కోసం రాశారు. మీ పిల్లవాడు ఏ అక్షరం దగ్గర ఆగిపోతాడో, ఏ లెక్క చూస్తే తల దించుకుంటాడో, ఏ మాట చెబితే అతని ముఖం విప్పారుతుందో ఆ పుస్తకం రాసినవాళ్లకు తెలియదు. మీకు తెలుసు. నేర్చుకోవడానికి అదనపు సాయం కావలసిన పిల్లలున్న తల్లిదండ్రులతో నేను మొదట చెప్పే మాట ఇదే. పుస్తకానికీ బిడ్డకూ మధ్య దూరం కనిపించినప్పుడు బిడ్డను ఈడ్చుకెళ్లి పుస్తకం ముందు నిలబెట్టకండి. పాఠాన్నే బిడ్డ ఉన్నచోటికి తీసుకురమ్మని బడిని అడగండి. అలా అడిగే హక్కు మీకుంది. ఏమడగాలో, ఎలా అడగాలో కాస్త నిదానంగా మాట్లాడుకుందాం.

ఒక్కో బిడ్డకు విడిగా రాసుకునే ఈ ఏర్పాటును మన టీచర్లు ఐఈపీ అంటారు, అంటే వ్యక్తిగత విద్యా ప్రణాళిక. 1975లో అమెరికా తెచ్చిన చట్టంతో అక్కడి ప్రభుత్వ బడుల్లో ఇది తప్పనిసరి అయింది. ఆ తర్వాత చాలా దేశాలు ఈ పద్ధతిని తమకు తగ్గట్టు అందుకున్నాయి. మన దగ్గర దీనికి ఊతం 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం. అంతకుముందున్న 1995 చట్టం ఏడు రకాల వైకల్యాలనే లెక్కలోకి తీసుకుంది. కొత్త చట్టం 21 రకాలను గుర్తించింది. ఆటిజం, అలాగే డిస్లెక్సియా లాంటి అభ్యసన వైకల్యాలు అప్పుడే ఈ జాబితాలో చోటు సంపాదించుకున్నాయి. ప్రభుత్వ గుర్తింపు ఉన్న ప్రతి బడీ ఈ పిల్లలను వివక్ష లేకుండా చేర్చుకోవాలని, ఒక్కొక్కరికి తగిన తోడ్పాటు ఇవ్వాలని, వాళ్లు ఎంత ముందుకు వెళ్తున్నారో గమనిస్తూ ఉండాలని ఆ చట్టం చెబుతుంది. పాఠ్యప్రణాళికలో, పరీక్షల్లో తగిన మార్పులు చేయాలని కూడా అందులో ఉంది. కాబట్టి ఇది ఏ హెడ్‌మాస్టరో దయతలచి చేసే మేలు అనుకోవద్దు.

చాలామంది తల్లిదండ్రులు, కొందరు టీచర్లు కూడా తికమకపడే చోటు ఒకటుంది. బిడ్డకు సిలబస్ తగ్గించమని అడగాలా, నేర్పే తీరు మార్చమని అడగాలా? ఈ రెండూ ఒకటి కాదు. ఇంట్లో పళ్లు ఊడిన తాతగారికి అందరూ తినే అన్నమే మెత్తగా పిసికి పెడతాం. ఆరు నెలల పాపకు ఉగ్గు వేరేగా వండుతాం. తాతగారి ముందు ఉగ్గు గిన్నె పెడితే ఆయన మనసు చిన్నబోతుంది, పాపకు ఆవకాయ కలిపిన ముద్ద పెడితే గొంతు పట్టుకుంటుంది. మీ బిడ్డకు కావలసింది ఈ రెంటిలో ఏదో తేల్చుకోవడమే మొత్తం ప్రణాళికకు పునాది. ఇక్కడ పొరబాటు జరిగితే ఎంత మంచి టీచరు దొరికినా ఏడాది గడిచిపోతుంది.

ఏడో తరగతి చదివే ఒక పాపను ఊహించుకోండి. కథ చెబితే ఇట్టే పట్టుకుంటుంది, టీవీలో చూసింది పూసగుచ్చినట్టు చెబుతుంది, తమ్ముడికి లెక్కలు నోటితో నేర్పుతుంది. చదవమంటే మాత్రం ఒత్తుల దగ్గర ఆగిపోతుంది, వరస తప్పుతుంది, చదివిన వాక్యమే మళ్లీ చదువుతుంది. తెలుగులో రాతకూ పలుకుకూ పొంతన బాగా కుదురుతుంది కాబట్టి డిస్లెక్సియా ఉన్న పిల్లలు కూడబలుక్కుని చివరికి పదం సరిగానే చదవచ్చు. కానీ మిగతా పిల్లలు పేజీ తిప్పేసరికి వీళ్లు మూడో వాక్యంలో ఉంటారు. అందుకే 'వచ్చు గానీ బద్ధకం' అనే మాట వీళ్ల మీద పడినంతగా ఇంకెవరి మీదా పడదు. ఆ మాట వినీ వినీ పిల్ల కూడా తాను బద్ధకస్తురాలినేనని నమ్మడం మొదలుపెడుతుంది.

ఈ పాపకు సైన్సు పాఠం తగ్గించాల్సిన పని లేదు. మొక్కలు ఆహారం ఎలా తయారుచేసుకుంటాయో క్లాసులో ఎవరికైనా ఎంత తెలియాలో ఈమెకూ అంతే తెలియాలి. మార్చాల్సింది పాఠం ఆమెను చేరే దారి. ఎవరైనా చదివి వినిపించాలి, లేదా టీచరు పాఠాన్ని ఫోనులో రికార్డు చేసుకోనివ్వాలి. బోర్డు మీది నోట్సు కాపీ చేయించే బదులు ఒక జిరాక్సు ఇవ్వాలి. జవాబు నోటితో చెప్పనివ్వాలి, బొమ్మ గీసి భాగాలు గుర్తించనివ్వాలి. సైన్సు పేపర్లో అక్షరదోషాలకు మార్కులు కోయకూడదు. అన్నిటికంటే ముందు, క్లాసు మొత్తం ఎదుట నిలబెట్టి గట్టిగా చదవమనడం ఆపాలి. ఈ ఒక్కటి ఆగితేనే చాలామంది పిల్లలు పొద్దున్నే కడుపునొప్పి అనడం మానేస్తారు.

చదవడం నేర్పే పని దీనికి పక్కనే, విడిగా సాగాలి. అది ఆమె ఉన్న మెట్టు దగ్గర మొదలవ్వాలి. అమ్మ, అక్క, పువ్వు లాంటి ద్విత్వాలు పట్టుబడ్డాకే పద్మ, సూర్యుడు లాంటి సంయుక్తాలకు వెళ్లాలి. స్త్రీ, రాష్ట్రం లాంటి సంశ్లేషాలు ఆఖరున. ఒక్కో ఒత్తునూ కంటితో చూపి, నోటితో పలికించి, ఇసుకలోనో బియ్యంలోనో వేలితో రాయించి, అదే ఒత్తున్న పదాలన్నీ ఒకచోట చేర్చి చదివించాలి. రోజూ ఇరవై నిమిషాలు చాలు, కానీ అది రోజూ జరగాలి. ఆదివారం రెండు గంటలు కూర్చోబెట్టి సోమవారం నుంచి వదిలేస్తే ఫలితం ఉండదు.

ఇప్పుడు నాలుగో తరగతిలో ఉన్న పదేళ్ల బాబు ఒకరిని చూద్దాం. అతనికి మేధోపరమైన వైకల్యం ఉంది. ఇరవై వరకు లెక్కపెడతాడు, తన పేరు గుర్తుపడతాడు, నాణేలు చూపిస్తే పేర్లు చెబుతాడు. క్లాసులో భాగహారాలు జరుగుతున్నాయి. ఇంట్లో నాన్న రాత్రి తొమ్మిదింటి దాకా పదమూడో ఎక్కం బట్టీ వేయిస్తున్నాడు. పొద్దునకు ఎక్కం పోతుంది, భయం మిగులుతుంది. ఈ బాబుకు పాఠం చేరే దారి మార్చడం ఒక్కటే సరిపోదు, చేరాల్సిన చోటు కూడా వేరేగా రాయాలి. లెక్కల్లో అతని ఏడాది లక్ష్యం ఇలా ఉండవచ్చు: పది, ఇరవై రూపాయల నోట్లు గుర్తుపట్టాలి, వీధి చివర కొట్లో ఒక వస్తువు కొని మిగిలిన చిల్లర అడిగి తెచ్చుకోవాలి. తెలుగులో తన పేరు, నాన్న పేరు, ఊరి పేరు చదవాలి, రాయాలి. దానితో పాటు చొక్కా గుండీలు తనే పెట్టుకోవాలి.

అలాగని అతన్ని క్లాసు బయట కూర్చోబెట్టనక్కర్లేదు. నీటి వనరుల పాఠం జరుగుతున్నప్పుడు మిగతా పిల్లలు పేరాలు రాస్తారు. ఇతను చెరువు, బావి, బోరు, కుళాయి బొమ్మలు అతికించి, వాటి కింద పేర్ల కార్డులు పెడతాడు. తమ వీధి కుళాయికి నీళ్లు ఎప్పుడొస్తాయో అందరికంటే ముందు అతనే చెబుతాడు. గది ఒకటే, పాఠం ఒకటే, అతను అందుకోవాల్సిన మెట్టు మాత్రం అతనిది. మన రాష్ట్రాల్లో సహిత విద్య అంటున్నది దీన్నే. రిజిస్టర్లో పేరు రాసి, చివరి బెంచీలో కూర్చోబెట్టి, బొమ్మలకు రంగులేసుకోమనడాన్ని సహిత విద్య అనలేం.

ఇలాంటి పిల్లలు ఏ మెట్టు దగ్గర ఉన్నారో కొలవడానికి మన దగ్గరే తయారైన పద్ధతులున్నాయి. సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లో 1984లో నెలకొల్పిన జాతీయ సంస్థ, ఇప్పుడు ఎన్ఐఈపీఐడీ అంటున్నది, ఒక ఫంక్షనల్ చెక్‌లిస్టు తయారుచేసింది. తినడం, బట్టలు తొడుక్కోవడం, నలుగురితో మెలగడం, చదువు, పని, ఆటపాటలు ఇలా ఒక్కో రంగంలో బిడ్డకు ఏది సొంతంగా వచ్చు, ఏది చెబితే చేస్తాడు, ఏది చేయి పట్టుకుని చేయించాలి అని విడివిడిగా రాస్తారు. ప్రత్యేక విద్యలో శిక్షణ పొందిన టీచర్లకు ఇది తెలిసే ఉంటుంది. మీ బిడ్డ ఐక్యూ అంకె ఎంతో తెలుసుకోవడం కంటే ఈ జాబితా చూడటం మీకు వెయ్యి రెట్లు ఉపయోగం. రేపు పొద్దున ఏం నేర్పాలో ఆ అంకె చెప్పదు, ఈ జాబితా చెబుతుంది.

కొందరు పిల్లలకు ఒకచోట ఏ మార్పూ అక్కర్లేదు, ఇంకోచోట కొత్త పాఠమే రాయాలి. ఆటిజం ఉన్న బాబు లెక్కల్లో క్లాసు కంటే రెండేళ్లు ముందుండవచ్చు, అదే బాబు విరామంలో తోటివాళ్లను 'నేనూ ఆడతా' అని అడగలేకపోవచ్చు. అతని ప్రణాళికలో లెక్కలకు ఒక్క మార్పూ అక్కర్లేదు. 'నేనూ ఆడతా' అని అడగడం మాత్రం ఒక పాఠంగా రాయాలి, నేర్పాలి. మార్కులు బాగా వస్తున్నాయి కదా అని ఇలాంటి పిల్లలను వదిలేస్తున్నారు. అది సరికాదు.

ఇక మీ వంతు పని. ఒక రెండువందల పేజీల నోట్‌బుక్ కొనండి. రోజూ రాయక్కర్లేదు, వారంలో మూడు నాలుగు రోజులు రాస్తే చాలు. బిడ్డ ఏ వేళ చురుగ్గా ఉంటాడు, ఎంతసేపు ఒక పని మీద కూర్చుంటాడు, ఏ చప్పుడుకు చెవులు మూసుకుంటాడు, కోపం వచ్చే ముందు ఏం చేస్తాడు, దేనికి శాంతిస్తాడు, ఏ పని అడగకుండానే చేస్తాడు, ఇవి రాయండి. కుక్కర్ విజిల్‌కు ఉలిక్కిపడే పిల్ల బడి గంట కింద కూర్చుంటే రోజంతా ఏమవుతుందో టీచరుకు ఎలా తెలుస్తుంది? మీరు రాసిన ఒక్క లైను చూస్తే ఆమెను వేరే బెంచీకి మారుస్తారు.

రాసేటప్పుడు 'ఇవాళ బాగున్నాడు', 'అసలు మాట వినడం లేదు' అని రాయకండి. వాటితో ఎవరూ ఏమీ చేయలేరు. 'నాలుగు సార్లు చెప్పులు వేసుకుంటే మూడుసార్లు సరైన కాలికి వేసుకున్నాడు' అని రాయండి. 'అన్నం తినేటప్పుడు ఆరు నిమిషాలు కదలకుండా కూర్చున్నాడు' అని రాయండి. ప్రణాళికలో రాసే లక్ష్యాలకూ ఇదే నియమం. 'తెలుగు చదవడం మెరుగుపడాలి' అన్నది లక్ష్యం కాదు. 'దసరా సెలవుల లోపు, ద్విత్వాక్షరాలున్న పది వాక్యాల పేరాను వేలు పెట్టకుండా, వరస తప్పకుండా చదవాలి' అన్నది లక్ష్యం. దసరా వచ్చినప్పుడు అయిందో లేదో మీరూ టీచరూ ఒకే మాట చెప్పగలుగుతారు. కాకపోతే తప్పు బిడ్డది కాదు. లక్ష్యం పెద్దదయిందా, నేర్పే తీరు కుదరలేదా, రోజూ జరగాల్సింది జరగలేదా అని చూసుకుని మార్చి రాసుకోవాలి.

ఒక విడతకు మూడు లక్ష్యాలు చాలు, మహా అయితే నాలుగు. పన్నెండు లక్ష్యాలు రాసిన కాగితం చూడటానికి ఘనంగా ఉంటుంది, తర్వాత బీరువాలో పడి ఉంటుంది. ప్రతి లక్ష్యం పక్కన ఎవరు నేర్పుతారు, ఎప్పుడు, ఎక్కడ, దేనితో, ఎలా చూస్తారు అన్నవి రాసి ఉండాలి. ఆఖరున మళ్లీ కూర్చుని చూసుకునే తేదీ ఉండాలి. తేదీ లేని ప్రణాళిక మీద సంతకం పెట్టకండి. మీకు ఇంగ్లిషు రాకపోతే తెలుగులో రాసివ్వమని అడగండి, అందులో నామోషీ ఏమీ లేదు. ఒక కాపీ మీ దగ్గర ఉండాలి.

బడికి వెళ్లేటప్పుడు వీలైతే ఇద్దరూ వెళ్లండి. మన ఇళ్లల్లో ఈ పిల్లల విషయం తల్లి ఒక్కదాని మీదే పడుతోంది. వినేదీ ఆమే, ఏడ్చేదీ ఆమే, అత్తగారికి జవాబు చెప్పుకునేదీ ఆమే. తండ్రి పక్కన కూర్చుంటే బడివాళ్లు మాట్లాడే తీరే వేరుగా ఉంటుంది. ఇలా ఉండకూడదు, కానీ ఇప్పటికి ఉన్నది ఇదే. బిడ్డకు ఏది రాదో చెప్పడంతో మొదలుపెట్టకండి, ఏది వచ్చో చెప్పండి. క్లాసు టీచరుకు నలభై మంది పిల్లలున్నారని గుర్తుపెట్టుకోండి. ఆమెను ఒకేసారి పది మార్పులు అడిగితే ఒక్కటీ జరగదు. ముందు బెంచీ, నోట్సు జిరాక్సు, నోటి జవాబు అని మూడే అడగండి. అవి నిలదొక్కుకున్నాక మిగతావి అడగవచ్చు. ఆ మూడూ చేసిన టీచరుకు కృతజ్ఞత చెప్పడం మరిచిపోవద్దు. ఏడాది మారి టీచరు మారినప్పుడు పాత ప్రణాళిక కాపీ కొత్త టీచరు చేతికి మీరే ఇవ్వండి. ఫైళ్లు వాటంతట అవి కదిలి వెళ్లవు.

ప్రభుత్వ బడిలో చదువుతుంటే మీ మండలంలోని భవిత కేంద్రం గురించి అడగండి. సమగ్ర శిక్ష కింద నడిచే ఈ కేంద్రాల్లో ప్రత్యేక విద్యలో శిక్షణ ఉన్న రిసోర్స్ టీచర్లు, అంటే ఐఈఆర్‌పీలు ఉంటారు, నిర్ణీత రోజుల్లో ఫిజియోథెరపీ కూడా చేస్తారు. బడికి రాలేనంత తీవ్రమైన ఇబ్బంది ఉన్న పిల్లలకు ఇంటికి వచ్చి నేర్పే ఏర్పాటు ఉంది. ఐఈఆర్‌పీ బడికి వచ్చే రోజు తెలుసుకుని ఆ రోజే వెళ్లి కలవండి. క్లాసు టీచరు, ఐఈఆర్‌పీ, మీరు ఒకే బల్ల చుట్టూ కూర్చోకుండా తయారైన ప్రణాళిక నిలబడదు. ప్రత్యేక టీచర్ల కొరత నిజమే. ప్రాథమిక స్థాయిలో ఇలాంటి పిల్లలు పది మందికి ఒకరు, పై తరగతుల్లో పదిహేను మందికి ఒకరు చొప్పున ప్రత్యేక టీచర్లు ఉండాలని సుప్రీంకోర్టు జోక్యం తర్వాత కేంద్రం 2022లో లెక్క తేల్చింది. మన బడుల్లో ఆ లెక్క ఇంకా నిండలేదు. నిండాలని తల్లిదండ్రుల సమావేశాల్లో గట్టిగా అడగాల్సింది మనమే.

ప్రైవేటు బడుల సంగతి వేరు. 'మా దగ్గర సౌకర్యం లేదు, మీవాడికి స్పెషల్ స్కూలే మంచిది' అని నెమ్మదిగా టీసీ వైపు నడిపిస్తారు. లేదా క్లాసులో బిడ్డ పక్కనే ఉండి సాయం చేసే షాడో టీచరును మీ ఖర్చుతో పెట్టుకోమంటారు. స్పెషల్ స్కూలు చెడ్డదని నేను అనను, కొందరు పిల్లలు అక్కడే విచ్చుకుంటారు. కానీ అది మీరు చూసి, ఆలోచించి తీసుకునే నిర్ణయం కావాలి, బడి గేటు మూయడం వల్ల కాకూడదు. నలభై శాతం, ఆపైన వైకల్యం ఉన్న పిల్లలకు ఆరేళ్ల నుంచి పద్దెనిమిదేళ్ల దాకా ఉచిత విద్య పొందే హక్కు ఉంది. దగ్గరి బడి కావాలో, ప్రత్యేక పాఠశాల కావాలో ఎంచుకోవడం మీ ఇష్టమని చట్టంలోనే ఉంది. షాడో టీచరును పెట్టుకోక తప్పకపోతే ఒక్క షరతు పెట్టండి: ఆ మనిషి బిడ్డ పని తను చేసిపెట్టకూడదు, బిడ్డ సొంతంగా చేసేదాకా సాయం తగ్గిస్తూ పోవాలి. ఏడాది తర్వాత కూడా అంతే సాయం కావలసి వస్తోందంటే ఆ సాయం బిడ్డకు సంకెల అయిందని అర్థం. ప్రత్యేక టీచరో స్పీచ్ థెరపిస్టో అని చెప్పుకునే వాళ్లకు రీహాబిలిటేషన్ కౌన్సిల్ రిజిస్ట్రేషన్ ఉందా అని అడగండి. 1992 చట్టం ప్రకారం అది ఉండాలి. అడిగితే నొచ్చుకునేవాళ్ల దగ్గరికి వెళ్లకండి.

భాష గురించి కొంచెం ఎక్కువ చెప్పాలి. ఎందుకంటే ఇక్కడే మన పిల్లలు ఎక్కువ నష్టపోతున్నారు. తెలుగే కూడబలుక్కుంటున్న పిల్లను ఇంగ్లిషు మీడియంలో వేసి, దాని మీద హిందీ పెట్టి, మూడు లిపులు ఒకేసారి నేర్చుకోమంటాం. ప్రణాళికలో మొదటి ప్రశ్న ఇది కావాలి: చదవడం ముందు ఏ భాషలో నిలబడాలి? ఇంట్లో, వీధిలో, కలలో బిడ్డ ఏ భాషలో ఉంటుందో ఆ భాషే సహజంగా జవాబు. ఒక లిపి కుదురుకున్నాక రెండోది తేలికవుతుంది. అవసరమైన పిల్లలకు రెండో భాష, మూడో భాష నుంచి మినహాయింపు ఇవ్వవచ్చని చట్టంలో స్పష్టంగా ఉంది. మూడో భాషలో వచ్చే ఆరు మార్కుల కోసం పిల్ల సాయంత్రాలన్నీ పోగొట్టకండి.

డాలస్‌లోనో న్యూజెర్సీలోనో ఉన్న తెలుగు తల్లిదండ్రులకు దీనికి తిరగేసిన చిక్కు వస్తుంది. బిడ్డకు మాట ఆలస్యమైంది కదా, ఇంట్లో తెలుగు మానేసి ఇంగ్లిషే మాట్లాడండి అని ఎవరో ఒకరు చెబుతారు. రెండు భాషల వల్ల ఆటిజం ఉన్న పిల్లల మాట వెనకబడుతుందనడానికి పరిశోధనల్లో ఆధారం కనిపించలేదు. అమ్మ తనకు సరిగా రాని భాషలో బిడ్డతో మాట్లాడితే ఆ మాటల్లో లాలి ఉండదు, జోకు ఉండదు, కోపం కూడా సరిగా ఉండదు. అమ్మమ్మతో ఫోన్లో మాట్లాడే ఒక్క దారీ మూసుకుపోతుంది. అక్కడి చట్టం ప్రకారం ఐఈపీ సమావేశంలో తల్లిదండ్రులు సమాన సభ్యులు. అవసరమైతే తెలుగు దుబాసీని ఏర్పాటు చేయమని బడిని అడగవచ్చు, దానికి మీరు డబ్బు కట్టక్కర్లేదు.

పిల్లవాడికి మూడేళ్లొచ్చినా మాట రాకపోతే, పేరు పెట్టి పిలిస్తే తిరిగి చూడకపోతే 'మగపిల్లలకు మాటలు ఆలస్యమే, వాళ్ల నాన్నకూ అంతే' అని పెద్దవాళ్లు ఓదారుస్తారు. ప్రేమతోనే అంటారు. ఆ ఓదార్పుతో ఏడాది, రెండేళ్లు గడిచిపోతాయి. అనుమానం కలిగిన నెలలోనే చూపించండి. రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద జిల్లా కేంద్రాల్లో పెట్టిన సత్వర చికిత్సా కేంద్రాల్లో పరీక్ష ఉచితం. అంగన్‌వాడీ టీచరును అడిగినా దారి చెబుతుంది. ఏమీ లేదని తేలితే సంతోషం, ఉందని తేలితే పని ముందే మొదలవుతుంది.

ఆటిజాన్ని పూర్తిగా తగ్గిస్తామని లక్షలు అడిగే చోట్లకు వెళ్లకండి. ఆటిజానికి స్టెమ్ సెల్ చికిత్సను సిఫారసు చేయడం లేదని నేషనల్ మెడికల్ కమిషన్ 2022లోనే చెప్పింది. పొలం అమ్మి ఆ సూదులు వేయించిన ఇళ్లున్నాయి. ఆ డబ్బులో కొంత మంచి స్పీచ్ థెరపిస్టుకు, కొంత నోట్‌బుక్కుకు, కొంత బస్సు చార్జీలకు ఖర్చుపెట్టి ఉంటే బిడ్డ ఈపాటికి నాలుగు మాటలు నేర్చేది.

వైకల్య ధ్రువపత్రం దగ్గర చాలామంది వెనకాడతారు. దాని కోసం సదరం శిబిరానికి వెళ్తే ఊరందరికీ తెలుస్తుందని, రేపు అక్క పెళ్లికి అడ్డమవుతుందని భయం. ఆ భయాన్ని నేను తేలిగ్గా తీసేయను. అయినా చెబుతున్నాను, తీసుకోండి. పబ్లిక్ పరీక్షల్లో అదనపు సమయం, జవాబులు రాసిపెట్టే స్క్రైబ్, భాష మినహాయింపు అడగాలంటే కాగితం చూపించాలి. కేంద్ర మార్గదర్శకాల ప్రకారం అదనపు సమయం గంటకు కనీసం ఇరవై నిమిషాలు. దేశమంతా చెల్లే యూడీఐడీ కార్డు ఉంటే ఊరు మారినా మళ్లీ మొదలుపెట్టక్కర్లేదు. పదో తరగతి జనవరిలో పరుగెత్తితే పని కాదు. ఎనిమిదో తరగతిలోనే మొదలుపెట్టండి. స్క్రైబ్‌తో రాయడం కూడా ఒక నేర్పే, జవాబు మనసులో కూర్చుకుని వాక్యం వాక్యంగా చెప్పడం అలవాటు కావాలి. బడిలో పెట్టే చిన్న పరీక్షల నుంచే అలా రాయించమని అడగండి.

రెగ్యులర్ పదో తరగతి అసలు కుదరదనిపిస్తే జాతీయ సార్వత్రిక విద్యా సంస్థ ఉంది, మన రెండు తెలుగు రాష్ట్రాల ఓపెన్ స్కూళ్లున్నాయి. జాతీయ సంస్థలో ఒకసారి చేరితే ఐదేళ్లలో తొమ్మిది అవకాశాలు ఇస్తారు, ఒకేసారి అన్ని సబ్జెక్టులూ రాయనక్కర్లేదు. ఏడాదికి రెండు సబ్జెక్టులు పూర్తిచేసుకుంటూ వెళ్లే పిల్లవాడు ఓడిపోయినట్టు కాదు.

పద్నాలుగు, పదిహేనేళ్లు వచ్చేసరికి ప్రణాళిక ముఖం మారాలి. అప్పటిదాకా చదువు ముందుంటే, ఇక బతుకు ముందుకు రావాలి. సొంతంగా బస్సెక్కడం, ఫోన్లో మాట్లాడటం, డబ్బు దాచుకోవడం, తన ఒంటి శుభ్రత తను చూసుకోవడం, ఎవరైనా చెడుగా తాకితే అరిచి చెప్పడం, ఏదో ఒక పనిలో చేయి తిరగడం. ఆడపిల్ల ఉన్న ఇంట్లో నెలసరి గురించి ఏడాది ముందే బొమ్మలతో, ప్యాడ్ చేతికిచ్చి నేర్పండి. ఇది సిలబస్‌లో లేదని ఏ టీచరూ అనకూడదు. ఈ పిల్లకు ఇదే సిలబస్.

ఇంట్లో మీరు రెండో టీచరు కాకండి. రోజూ ఇరవై నిమిషాల చదువు సరే. మిగతా సాయంత్రం అమ్మగా, నాన్నగా ఉండండి. చిక్కుడుకాయలు వొలిపించండి, తీగ మీది బట్టలు తెమ్మనండి, పళ్లాలు లెక్కపెట్టి వడ్డించమనండి. వాటిలో లెక్కలూ ఉన్నాయి, భాషా ఉంది, చేతివేళ్లకు బలమూ ఉంది. అన్నయ్యో చెల్లెలో ఉంటే వారానికి ఒక సాయంత్రం పూర్తిగా వాళ్లకివ్వండి. 'నువ్వు పెద్దవాడివి, సర్దుకో' అన్న మాట వాళ్లు ఎన్నిసార్లు విన్నారో మనం లెక్కపెట్టం.

పక్కింటి పిల్లలతో పోల్చడం మానండని అందరూ చెబుతారు. ఆటిజం ఉన్న ఇంకో పిల్లవాడితో పోల్చడం కూడా మానండి. ఫోన్లో ఎవరో ఒక అబ్బాయి ఆరు నెలల్లో మాట్లాడాడని చూపిస్తారు. మీ బిడ్డను పోల్చాల్సింది దసరాకు ముందు రాసుకున్న నోట్‌బుక్ పేజీతోనే.

బడి తెరిచిన మొదటి నెలలోనే హెడ్‌మాస్టరుకు తెల్లకాగితం మీద ఒక అర్జీ రాయండి. బిడ్డ పేరు, తరగతి, అతనికి వచ్చిన మూడు పనులు, సాయం కావలసిన మూడు చోట్లు, వ్యక్తిగత విద్యా ప్రణాళిక కోసం మీతో కూర్చోమని ఒక విన్నపం, అంతే. రెండు కాపీలు తీసుకెళ్లండి. ఒకటి వాళ్లకిచ్చి, రెండోదాని మీద అందినట్టు సంతకం, తేదీ, బడి ముద్ర వేయించుకుని ఇంటికి రండి. రెండు వారాల్లో పిలుపు రాకపోతే మళ్లీ వెళ్లండి. ఆ కాగితాన్ని ఈ వారమే రాయండి.